కనబడకపోతే దిగి చూడాల



ఇది కొంచెం పొడుగు రాత. ఓపికతో చదవండి. ఉగాది రోజు మన మండపం ఆవరణలో జరిగినదాన్ని గురించి పది రోజులుగా గ్రూపులో అందరూ రాస్తా ఉన్నారు. నేను ఒక్కణ్ణే ఏమీ రాయలేదు. ఆ కారు నాది. నడిపింది నేను. మొదట మాట్లాడాల్సినవాణ్ణి కడపట మాట్లాడుతున్నాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు నలభై దాటినాక మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం వదలకుండా చెప్పండి.

ఆ రోజు రానివాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు చెప్తాను.

భోజనాలు అయినాయి. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. నా బండి వేపచెట్టు కింద, గోడకు మూతి పెట్టి నిలిపి ఉంది. పన్నెండేండ్ల కారు, చేత్తో గేర్లు వేసే రకం. వెనక సెన్సారు లేదు, కెమెరా లేదు. ఇంట్లోవాళ్ళు ఎక్కినారు. నేనూ పంచె సర్దుకొని ఎక్కినాను. బండి వెనకపక్క ఒక తమ్ముడు నిలబడి "రైట్, రైట్" అంటా ఉన్నాడు. ముందర మా బావమరిది నిలబడి "ఒడి, ఒడి, ఇంకా ఒడి" అంటా ఉన్నాడు. గేటు దగ్గర ఇంకొకరు ఫోనులో మాట్లాడుకుంటానే చెయ్యి ఊపి "వా వా వా" అన్నారు. నేను ముగ్గురి మాటా విన్నాను, ఏ ఒక్కరి మాటా సరిగా వినలేదు. అద్దంలో చూసినాను, ఖాళీగా కనబడింది. రివర్సు వేసి క్లచ్చి మెల్లగా వదిలినాను.

ఎంగిలాకులు ఎత్తే అమ్మ చేతిలో గంప కింద పడేసి అరిచింది. "నిల్లుంగ! కొళందై, కొళందై!"

కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. దిగి పోయి చూస్తే బంపరుకు ఒక జానెడు దూరంలో నాలుగేండ్ల పాప గొంతుకూర్చొని ఉంది. వేపపూత ఏరుకుంటా ఉంది. పొద్దున పచ్చడిలో అదే వేసినారని ఎవరో చెప్పినారంట, ఇంటికి పోయి వాళ్ళవ్వకు ఇయ్యాలని చిన్న పిడికిట్లో పట్టుకోని ఉంది. నా కారు అంత దగ్గరికి వచ్చిందని ఆ బిడ్డకు తెలియను కూడా తెలియలేదు.

పాపకు ఏమీ కాలేదు. కానీ తరవాత జరిగినదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నలుగురూ చేరినారు. చేరినవాళ్ళందరూ ఆ పాప తల్లి మీద పడినారు. "బిడ్డను చూసుకోవద్దా? ఫోను చూసుకుంటా కూర్చున్నావా?" అని. అందరికంటే ముందు అన్నది నేనే. చేతులు వణుకుతా ఉంటే ఆ వణుకును కోపంగా మార్చి ఆ అమ్మాయి మీద వేసినాను. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను ఎత్తుకోని, కండ్లు తుడుచుకోని, తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

గ్రూపులో ఈ పది రోజులు వచ్చిన రాతల్ని మూడు రకాలుగా చెప్పొచ్చు. తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాల అని ఎక్కువమంది. కెమెరా పెట్టించుకోవాల అని కొందరు. ఇంక మండపం లోపలికి కార్లే రానియ్యొద్దు అని ఇద్దరు ముగ్గురు. మొదటిదాంట్లో న్యాయం లేదు. రెండోది సగం మందు. మూడోది మన పెద్దవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కష్టం. నా మాట ఒక్కటే. వెనక్కి పోయే బండికి బాధ్యత గేరు రాడ్డు మీద చెయ్యి ఉన్నవాడిది. కనబడకపోతే దిగి చూడాల. దిగి చూసే అలవాటు లేనివాడు ముప్పై ఏండ్లు నడిపినా డ్రైవరు కాదు. నేను ఇరవై ఏడేండ్లు నడిపినాను.

ఇది ఎక్కడ నేర్చుకోని ఉండాల్సిందో కూడా చెప్తాను. రైల్వేలో నేను గూడ్స్ క్లర్కుగా ఉన్నాను, అందులో చాలా ఏండ్లు ఈరోడ్‌లో. వ్యాగన్ల నంబర్లు రాసుకుంటా యార్డు పక్కన తిరగడం నా పని. అక్కడ రోజూ చూసిన సంగతి షంటింగు. ఇంజను వెనక నుంచి వ్యాగన్లను తోస్తా ఉంటుంది. ఇంజన్లో ఉన్నాయనకు ముందర ఏముందో కనబడదు. ఆయన కండ్లు కింద నిలబడిన మనిషి చేతిలో ఉన్నాయి. పచ్చ జెండా ఎట్లా ఊపితే దగ్గరికి రావాల, ఎట్లా ఊపితే దూరం పోవాల అని రాసిపెట్టిన గుర్తులు. జెండా లేకపోతే రెండు చేతులూ తలపైకి ఎత్తితే ఆగాల. షంటింగులో వేగం ప్రత్యేక ఉత్తర్వు లేనిదే గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు. గుర్తు కనబడకపోయినా, సరిగా అర్థం కాకపోయినా దానికి ఒకటే అర్థం, ఆగు అని. ఇంకో మాట కూడా ఆ రూల్సు పుస్తకంలో ఉంది. డ్రైవరు గుర్తుల మీదనే పూర్తిగా ఆధారపడకూడదు, తనకు తానుగా జాగ్రత్తగా ఉండాల అని.

అంత పెద్ద రైల్వే, అంత అనుభవం ఉన్న మనుషులు, పట్టాల మీద తప్ప ఎక్కడికీ పోలేని బండి. దానికే వెనక తోసేటప్పుడు ఇన్ని కట్టుబాట్లు. పట్టాలు లేని మన కారుకు, చుట్టూ పిల్లకాయలు ఆడే చోట, మనం పెట్టుకున్న కట్టుబాటు ఏమిటి? "రైట్ రైట్."

ఈ "రైట్" గురించి కొంచెం చెప్పాల. తమిళనాడులో పుట్టి పెరిగిన మనకు బస్సు కండక్టరు "రైట్" అంటే పోవచ్చు అని అర్థం. వెనక నిలబడినవాడు ఆ అర్థంలో అంటాడు. స్టీరింగు పట్టుకున్నవాడు కుడిపక్కకు తిప్పమంటున్నాడని తిప్పుతాడు. "ఒడి" అంటే ఎటు ఒడవాల? చెప్పేవాడు బండికి ఎదురుగా నిలబడి ఉంటే అతని ఎడమ నా కుడి. "వా వా" అన్నవాడు ఎంతసేపు "వా" అంటాడో, ఎప్పుడు ఆపుతాడో తెలియదు. చాలామంది "ఆపు" అనే మాట తగిలినాకనే అంటారు. నవ్వకండి, మన ఇండ్ల ముందర గోడలకు ఉన్న గీతలన్నీ ఇట్లా వచ్చినవే. గోడకు గీత పడితే సున్నం కొట్టుకుంటాము. పాపకు ఏ సున్నం కొట్టేది?

మరుసటి రోజు ఇంటి ముందర ఒక పరీక్ష చేసి చూసినాను. మీరూ చెయ్యండి, పైసా ఖర్చు లేదు. చిన్న స్టూలు మీద ప్లాస్టిక్ బకెట్టు బోర్లించినాను. మొత్తం రెండడుగుల ఎత్తు, గొంతుకూర్చున్న చిన్నబిడ్డ ఎత్తు. దాన్ని బంపరుకు ఆనించి పెట్టి, నేను సీట్లో కూర్చోని, మా ఇంటామెను కొంచెం కొంచెంగా వెనక్కి జరపమన్నాను. లోపలి అద్దంలో బకెట్టు నెత్తి కనబడేసరికి టేపు పెట్టి కొలిస్తే పదహారు అడుగులు. పదహారు అడుగుల దాకా ఆ బకెట్టు నాకు లేదు! పక్క అద్దాలు బండి పక్కల్ని చూపిస్తాయి, నడుమ తోక వెనక ఉన్నదాన్ని చూపించవు. ఇది చిన్న కారు సంగతి. ఎత్తు బండ్లు, వెనక స్పేర్ చక్రం తగిలించినవి ఉన్నవాళ్ళు కొలిచి ఇక్కడ రాయండి. పెద్ద బండిలో కూర్చుంటే అంతా కనబడుతుందని అనుకుంటాము. దూరం కనబడుతుంది, దగ్గర మూసుకుపోతుంది.

ఇప్పుడు చేత్తో గేర్లు వేసే కారును వెనక్కి నడిపే పద్ధతి. చాలామందికి తెలిసిందే. నాకు డ్రైవింగు నేర్పినప్పుడు పదిహేను రోజుల్లో రివర్సుకు ఇచ్చింది ఒక్క పూట. మన పిల్లల్ని అడిగితే వాళ్ళదీ అంతే అంటా ఉన్నారు. అందుకని ఒకసారి వరసగా రాస్తాను.

రివర్సు గేరు మిగతా గేర్ల మాదిరి కాదు. ముందుకు పోయే గేర్లలో పళ్ళ వేగాలను కలిపే సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉంటుంది. చాలా కార్లలో రివర్సుకు అది ఉండదు. అందుకే బండి పూర్తిగా నిలిచినాకనే వేయాల. క్లచ్చి కడదాకా తొక్కి, మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టి వేయాల. గరగరమంటే బలవంతం చేయొద్దు. న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చి వదిలి, మళ్ళీ తొక్కి వేయండి. లేదంటే ఒకసారి మొదటి గేరు వేసి తీసి రివర్సు వేయండి, పడుతుంది.

రివర్సు ఉండే చోటు అన్ని కార్లలో ఒకటి కాదు. కొన్నిట్లో కుడిపక్క చివర కిందికి. కొన్నిట్లో ఎడమపక్క, మొదటి గేరుకు ఆనుకొని పైకి, రాడ్డు మీది రింగు ఎత్తి వేయాల. కొన్నిట్లో గుండును కిందికి నొక్కి వేయాల. మొదటి గేరు పక్కనే రివర్సు ఉండే కారు ప్రమాదం. ముందుకు పోతాననుకున్నవాడు వెనక్కి పోతాడు, వెనక్కి పోతాననుకున్నవాడు గోడను గుద్దుతాడు. మేనల్లుడి కారో, బావ కారో తీసినప్పుడు ముందు గేరు రాడ్డు మీది బొమ్మ చూడండి. అడగడానికి నామోషీ వద్దు. గేరు వేసినాక కూడా క్లచ్చి వెంట్రుకంత వదిలి బండి ఏ పక్కకు లాగుతా ఉందో చూసుకోని, అప్పుడు పోనియ్యండి.

అసలు కీలకం కాళ్ళలో ఉంది. రివర్సు గేరుకు లాగే బలం ఎక్కువ, సుమారుగా మొదటి గేరంత. చదును నేల మీద యాక్సిలరేటరు తొక్కాల్సిన పనే ఉండదు. క్లచ్చి పట్టే చోటికి తెచ్చి అక్కడే నిలిపితే బండి దానంతట అదే చీమలాగా జరుగుతుంది. కుడికాలు బ్రేకు మీదనే ఉండాల. ఇది ఎందుకు అంత ముఖ్యమో లెక్క చెప్తాను. మనిషి నడక గంటకు 5 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 1.4 మీటర్లు. ఎవరైనా అరిచినాక చెవి విని, బుద్ధి తెలుసుకోని, కాలు బ్రేకును తొక్కేసరికి ఒక సెకను పోతుంది. నడక వేగంలో పోయినా ఆ సెకనులో బండి నాలుగున్నర అడుగులు పోతుంది. ఉగాది రోజు నా బండి నడకలో సగం వేగం కూడా లేదు. కాలు యాక్సిలరేటరు మీద లేదు. ఆ జానెడు దూరం మిగిలింది ఆ అమ్మ అరుపు వల్ల, ఈ ఒక్క అలవాటు వల్ల. నా చూపు వల్ల మాత్రం కాదు.

కొందరు అంటారు, అంత మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోతుంది, వెనక బండ్లవాళ్ళు హారను కొడతారు అని. ఆగిపోనీ. రివర్సులో ఇంజను ఆగడం పరువు తక్కువ కాదు. ఆగిన బండి ఎవరినీ గుద్దదు. పరువు కోసం యాక్సిలరేటరు తొక్కి క్లచ్చి టపీమని వదిలేవాడే ప్రమాదం.

మన వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంటి ముందర సాక్కడ కాలువ, దాని మీద సిమెంటు ర్యాంపు. వెనక్కి ఎక్కించేటప్పుడు హాఫ్ క్లచ్ ఒక్కటే చాలదు, కొంచెం యాక్సిలరేటరు ఇయ్యాల. ఎక్కేదాకా ఇస్తాము. ర్యాంపు తల దాటగానే బరువు పోతుంది, బండి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. లోపల ఎవరుంటారు? పాలు పోసుకునే అవ్వ, సైకిలు తుడుచుకునే పిల్లవాడు. మనిషి ఒళ్ళు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి కాలు కూడా చోటు తప్పుతుంది, బ్రేకనుకోని యాక్సిలరేటరునే ఇంకా తొక్కుతాడు. అందుకని ర్యాంపు మొదట్లో హ్యాండు బ్రేకు వేసి, క్లచ్చి పట్టే చోటికి తెచ్చి, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి, అప్పుడు హ్యాండు బ్రేకు వదలాల. వెనక చక్రాలు పైకి చేరగానే క్లచ్చి, బ్రేకు రెండూ తొక్కి నిలపాల. నిలిపి, చూసి, తరవాత మిగతాది. అదే ర్యాంపు మీద నుంచి వీధిలోకి వెనక్కి దిగేటప్పుడు యాక్సిలరేటరుతో పనే లేదు. బ్రేకు మీది కాలే బండిని దించాల.

స్టీరింగు గురించి రెండే మాటలు. వెనక్కి పోయేటప్పుడు ఎటు తిప్పితే బండి తోక అటు పోతుంది. అదే సమయంలో మూతి అవతలి పక్కకు విసురుగా తిరుగుతుంది. అందరూ తోకనే చూసుకుంటారు, మూతి పోయి పక్కన నిలిపిన స్కూటరును తోసేస్తుంది. ఒంటిని తిప్పి, ఎడమ భుజం మీదుగా వెనక అద్దంలోంచి నేరుగా చూడండి. మధ్యలో ఒకసారి ముందు మూలల్ని చూడండి. రెండు పక్కలా ఒకేసారి చూడలేకపోతే బండి నిలిపి చూడండి, ఎవరూ ఫైను వెయ్యరు.

ఇది కూడా చాలామంది మరిచిపోతారు. ఏటవాలు చోట నిలిపేటప్పుడు గేరులో పెట్టి వస్తాము, మంచి అలవాటే. పల్లం వైపు మూతి ఉంటే రివర్సులో పెట్టాల. కానీ మరుసటి రోజు ఆ సంగతి మరిచి, లేకపోతే ఇంట్లో వేరేవాళ్ళు వచ్చి, క్లచ్చి తొక్కకుండా తాళం తిప్పితే బండి వెనక్కి ఎగురుతుంది. పాటలు వినడానికి తాళం తిప్పే పిల్లకాయలున్న ఇండ్లలో తాళం అందే చోట పెట్టొద్దు. పెద్దవాళ్ళం ఎప్పుడు స్టార్టు చేసినా క్లచ్చి తొక్కి, గేరు రాడ్డును అటూ ఇటూ ఆడించి న్యూట్రలు చూసుకోని, అప్పుడు తాళం తిప్పాల. నాలాగా పంచె కట్టుకున్నవాళ్ళు పంచె పైకి మడిచి కూర్చోవాల. జారే చెప్పులు ఇప్పి పక్క సీటు కింద పెట్టాల, పెడళ్ళ కింద కాదు.

ఇంక కెమెరా, సెన్సారు సంగతి. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేసినారు. మంచిదే. నా పాత బండికి కూడా పెట్టిస్తున్నాను. కానీ దాన్ని దేవుడు చేయొద్దు. సెన్సారు బంపరు ఎత్తులో ఉంటుంది. బాగా కిందున్నవి, సన్నటి కంబీలు దానికి తప్పిపోవచ్చు. కెమెరా అద్దం మీద బురద పడితే, వాన నీళ్ళు నిలిస్తే, సాయంత్రం ఎండ నేరుగా కొడితే బొమ్మ సరిగా రాదు. అంతకంటే పెద్ద ప్రమాదం మనది. పక్కన సెన్సారు కీచుకీచుమంటా ఉంటే "అది ఎప్పుడూ అట్లనే మోగుతుంది" అని లెక్కచేయకుండా పోతాము. మునుపు రివర్సు వేస్తే పాట పాడే కార్లు ఉండేవి. ఆ పాట విని పిల్లకాయలు పక్కకు పోతారని పెట్టినారు. మా వీధిలో ఆ పాట వినడానికే బండి వెనక చేరేవాళ్ళు.

మన దేశంలో 1989లో రాసిన రోడ్డు నియమాల్లోనే ఈ సంగతి ఉండేది. ఎవరికీ ప్రమాదం గానీ, అనవసరమైన ఇబ్బంది గానీ లేదని ముందు తాను నిశ్చయం చేసుకోకుండా డ్రైవరు బండిని వెనక్కి నడపకూడదు. బండిని తిప్పుకోవడానికి ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ దూరం వెనక్కి పోకూడదు అని కూడా ఉండేది. నిశ్చయం చేసుకోవాల్సింది ఎవరు? డ్రైవరు. అందులో తల్లి మాట లేదు, వెనక "వా వా" అన్నవాడి మాట లేదు.

తల్లి చూసుకోవద్దా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. చూసుకోవాల. ఆ అమ్మాయి చూసుకోలేదని ఎవరు చెప్పినారు? పండగ పూట మన మండపంలో, మన మనుషుల మధ్య బిడ్డ ఆడుకుంటా ఉంది. అది మన ఇల్లు అని నమ్మి వదిలింది. నాలుగేండ్ల బిడ్డ కూర్చున్న చోట కూర్చోదు, అది దాని స్వభావం. టన్ను బరువున్న బండి మాత్రం మనం కదిలిస్తేనే కదులుతుంది. కదిలించేవాడు పెద్దవాడు, లైసెన్సు ఉన్నవాడు. ఇద్దరిలో ఎవరు జాగ్రత్తపడగలరో వాళ్ళదే బాధ్యత.

కార్యవర్గానికి నా విన్నపాలు ఇవి. వచ్చే ఆదివారం మీటింగులో పెట్టండి.

1. మండపంలో కార్లను వచ్చేటప్పుడే వెనక్కి పెట్టి నిలపాల, పోయేటప్పుడు మూతి ముందుకు పెట్టి పోవాల. పొద్దున మనం వచ్చేటప్పుడు ఆవరణ ఖాళీగా ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది. భోజనాలయినాక పిల్లకాయలు అంతటా ఉంటారు, మనకు నిద్ర కమ్ముకుని ఉంటుంది. కష్టమైన పని పొద్దున చేసుకుంటే మధ్యాహ్నం అద్దంలోంచి ముందర చూసుకుంటా నేరుగా పోవచ్చు.

2. ఎవరైనా వెనక్కి తీయాల్సి వస్తే ముందు బండి చుట్టూ ఒక సుట్టు నడిచి, వంగి కింద కూడా చూసి, వెంటనే ఎక్కి తీయాల. చూసినాక నిలబడి పది నిమిషాలు మాట్లాడితే మళ్ళీ ఒక సుట్టు నడవాల.

3. సైగ చేసేది ఒక్కడే. అతను డ్రైవరుకు కనబడే చోట, బండి దారికి పక్కన నిలబడాల, తోక వెనక కాదు. నోటి మాట వద్దు, చేతి సైగలే. రెండు చేతులూ పైకెత్తితే ఆగు. అతను అద్దంలో కనబడకపోతే కూడా ఆగు. మిగతావాళ్ళు దయచేసి నోరు మూసుకోవాల.

4. కారులో పాటలు, ఏసీ ఆపి, అద్దాలు దించి తీయాల. అరిస్తే వినబడాల కద.

5. వేపచెట్టు కింది భాగాన్ని తాడు కట్టి పిల్లకాయలకు వదిలేయాల. నీడ వాళ్ళకు, ఎండ మన బండ్లకు. ఇన్నాళ్ళూ తలకిందులుగా ఉంది.

ఇవి పాటించడానికి డబ్బు అక్కరలేదు. కొంచెం నామోషీ వదులుకుంటే చాలు. బండి దిగి వెనక పోయి చూసేవాణ్ణి చూసి "ఇంకా నేర్చుకుంటున్నావా?" అని మనం నవ్వుతాము. ఒంటి చేత్తో స్టీరింగు తిప్పి సర్రుమని వెనక్కి తీసేవాణ్ణి చూసి భేష్ అంటాము. ఈ మెప్పు మనం మార్చుకుంటే సగం ప్రమాదాలు తగ్గుతాయని నా నమ్మకం. నేనూ అట్లా నవ్వినవాణ్ణే.

కడపటి మాట. ఆ ఎంగిలాకులు ఎత్తే అమ్మ మన సంఘం మనిషి కాదు, మన భాష ఆమెకు రాదు. ఆవరణలో ఉన్న మా అందరిలో నేలను చూస్తా ఉన్నది ఆమె ఒక్కతే. ఆమెకు ఒక చీర పెట్టి మర్యాద చెయ్యాలని నేను అడగను, అది నేను నా చేత్తో చేసుకుంటాను. కానీ వచ్చే సంవత్సరం ఉగాది పందిలో ఆమె కూడా మనతో కూర్చొని తినాల, ఆకులు మనం ఎత్తాల.

ఆ పాప తల్లి ఈ గ్రూపులో ఉంది. పదిమందిలో నిన్ను అన్నాను కాబట్టి పదిమందిలోనే చెప్తున్నాను తల్లీ. తప్పు నీది కాదు, నాది. ఈ ఆదివారం మీటింగుకు నువ్వు రావాల, పాపను తీసుకోని రావాల. నేను బస్సులో వస్తాను.

మీ అభిప్రాయాలు కింద రాయండి. తిట్టినా పర్వాలేదు. బకెట్టు పెట్టి కొలిచిన అడుగుల లెక్క మాత్రం తప్పకుండా రాయండి.